సర్టిఫికెట్ పుచ్చుకున్న అరిసె

మహారాష్ట్ర, నాందేడ్ జిల్లా, కిన్వట్ తాలూకా, సర్ఖని గ్రామ నివాసిని, షుగరు రోగిని, సభవారికి సవినయంగా చేసుకునే ఫిర్యాదు ఏమనగా:

మా ఇంట్లో ఒకే నేరానికి రెండు చట్టాలు నడుస్తున్నాయి. మా ఆవిడ చేతి అరిసెను నేను ముట్టుకుంటే అపథ్యం. అదే బియ్యప్పిండి, అదే బెల్లం, అదే నూనెతో ఎవరో ఎక్కడో చేసి, మట్టిరంగు కాగితం సంచిలో పోసి, మీద ఒక పచ్చని ఆకు అచ్చు వేసి కొరియర్లో పంపితే ఆరోగ్యం. మొదటిది అటక మీద, నా చేతికి అందనంత ఎత్తులో ఉంటుంది. రెండోది టీపాయ్ మీద, మూత తీసి. పైగా "ఒకటి తినుండ్రి, ఏం కాదు, ఆర్గానిక్" అని బతిమాలడం ఒకటి.

ఇంటి పెద్దవు నువ్వే కదా, సర్దిచెప్పుకోరాదా అని మీరు అడగవచ్చు. అక్కడే ఉంది తిరకాసు. 2013లో వచ్చిన ఆహార భద్రత చట్టం ప్రకారం రేషన్ కార్డు మీద ఇంటి పెద్ద, ఇంట్లో అందరికన్నా వయసైన ఆడమనిషి. అంటే మా ఆవిడ. తిండి విషయంలో నా మాటకు విలువ లేదని పార్లమెంటే తీర్మానించాక నేను ఎవరితో సర్దిచెప్పుకోను?

నా బాధ అర్థం కావాలంటే మా ఊరి సంగతి కొంచెం చెప్పాలి. మా కిన్వట్ తాలూకా 1956 దాకా హైదరాబాద్ రాష్ట్రంలో, ఆదిలాబాద్ జిల్లాలో ఉండేది. రాష్ట్రాల పునర్విభజనలో మమ్మల్ని మరాఠీ వైపు కలిపారు. కచేరీ మారింది, బడి మారింది, బస్సు మీద అక్షరాలు మారాయి. వంటింటి జోలికి మాత్రం ఏ కమిషనూ రాలేదు. అందువల్ల సంక్రాంతికి మాకు సకినాలు, అరిసెలు, నువ్వుల ముద్దలు. దీపావళికి పక్కింటి వైనీ (మరాఠీలో వదిన) పంపే చకలీ, చివడా, శంకర్‌పాళీ, కరంజీ. కరంజీ అంటే మన గరిజె వేషం మార్చుకుని వచ్చిందే. రెండు రాష్ట్రాల చిరుతిళ్లు ఒకే స్టీలు డబ్బాలో తిని పెరిగినవాణ్ణి నేను. అలాంటివాడికి కిన్వట్‌లో డాక్టరు రక్తపరీక్ష కాగితం చేతికిచ్చి, "తీపి బంద్" అన్నాడు. ఒప్పుకున్నాను. డబ్బా అటకెక్కింది. దానికీ ఒప్పుకున్నాను.

ఆ తర్వాతే పుణె నుంచి పార్సిళ్లు మొదలయ్యాయి.

మావాడు అక్కడ ఉద్యోగం చేస్తాడు. బాపుకు తీపి మీద పాణం, డాక్టరేమో వద్దన్నాడు అని వాడికి దిగులు. ఆ దిగులును ఫోనులో ఒక బొత్తాము నొక్కి తీర్చుకుంటాడు. రాగి బిస్కెట్లు, జొన్న పఫ్‌లు, బెల్లం వేసిన వేరుశెనగ చిక్కీలు, చిలగడదుంప చిప్స్, కొర్ర లడ్లు. అన్నిటి మీదా ఆకే. కొన్నిటి మీద ఆకుతో పాటు ఒక మట్టి కుండ, ఇంకొన్నిటి మీద గంప మోస్తున్న ఒక నవ్వు ముఖం ఆడమనిషి. మా తాలూకాలో గంప మోసే ఆడవాళ్లను చాలామందిని చూశాను. ఆ ఎండలో అలా నవ్వేవాళ్లు కనపడలేదు.

ఒకనాడు ఇంట్లో అందరూ మాహూర్‌లో రేణుకామాత దర్శనానికి పోయారు. నేను మోకాళ్ల నొప్పి సాకుతో ఆగిపోయి, భూతద్దం తీసుకుని రాగి బిస్కెట్ల ప్యాకెట్ ముందర కూర్చున్నాను. ముందు వైపు చదవడానికి అద్దం అక్కర్లేదు. "రాగి" అన్న మాట బొటనవేలంత ఉంది. వెనక వైపు అసలు కథ. సేంద్రీయ గోధుమపిండి, సేంద్రీయ బెల్లం పొడి, సేంద్రీయ పామ్ నూనె, సేంద్రీయ రాగిపిండి, సేంద్రీయ చెరకు చక్కెర, సేంద్రీయ ఖర్జూరం పాకం, ఉప్పు, సోడా. చివరి రెంటికీ ఆ బిరుదు దక్కలేదు పాపం.

ఏ పదార్థం ఎక్కువ బరువుంటే దాన్ని ముందు రాయాలని మన దేశంలో నిబంధన. ఆ లెక్కన రాగి బిస్కెట్‌లో రాగి నాలుగో స్థానంలో ఉంది. నూనె తర్వాత. అది ఒక చోద్యమైతే, తీపి మూడు పేర్లతో మూడు చోట్ల కూర్చుంది. ఒకే ఇంటి అన్నదమ్ములు ముగ్గురు పెళ్లి విందులో వేరువేరు బంతుల్లో కూర్చుంటే, ఆ ఇంటి నుంచి ఎంతమంది దిగారో వడ్డించేవాడికి ఎట్లా తెలుస్తుంది? ముగ్గురినీ ఒక్క వరసలో కూర్చోబెడితే గోధుమపిండి కూడా లేచి చోటు ఇవ్వాల్సి వచ్చేదేమో.

కింద పట్టికలో అంకెలు దాచలేదు, అది మెచ్చుకోవాలి. నూరు గ్రాములకు 480 కిలోక్యాలరీలు, 27 గ్రాముల చక్కెరలు, 21 గ్రాముల కొవ్వు. కిరాణా దుకాణానికి పోయి మామూలు గ్లూకోజ్ బిస్కెట్ ప్యాకెట్ ఒకటి తెచ్చి పక్కన పెట్టాను. చక్కెర దాదాపు అంతే. కొవ్వు మాత్రం ఆకు బొమ్మ ఉన్నదాంట్లోనే ఎక్కువ. ధర సంగతి ఎత్తను. మావాడు చదివితే నొచ్చుకుంటాడు.

గుడి నుంచి రాగానే ఈ సాక్ష్యాలన్నీ కోడలి ముందు పెట్టాను. "అది బెల్లం కదా మామయ్యా, చక్కెర కాదు" అంది. చదువుకున్న పిల్ల. ఆ మాటకు దేశంలో సగం మంది తల ఊపుతారు. బెల్లంలో కొంచెం ఇనుము, ఇంకేవో ఖనిజాలు ఉన్న మాట నిజమే. కానీ అందులో ఎక్కువ భాగం సుక్రోజే, చక్కెరలో ఉండేదే. ఒంట్లోకి దిగాక అది చెరకు గానుగ దగ్గర ఇనప పెనంలో ఉడికిందా, ఫ్యాక్టరీలో తెల్లబడిందా అని నా క్లోమం అడగదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పింది కూడా అదే. కలిపిన చక్కెరతో పాటు తేనె, పాకాలు, పండ్ల రసాలలోని తీపి అంతా ఒకే ఖాతా. రోజు మొత్తం తిండి శక్తిలో అది పదో వంతుకు లోపు ఉండాలి, ఇరవయ్యో వంతుకు లోపు ఉంటే ఇంకా మేలు. ఇరవయ్యో వంతంటే పెద్దమనిషికి సుమారు 25 గ్రాములు, ఆరు చెంచాలు. నా ప్యాకెట్‌లో నూరు గ్రాములకే అంతకు మించి ఉంది. అదీ షుగరు లేనివాళ్ల లెక్క.

మరి ఆ ఆకు అబద్ధమా? కాదు. చిక్కంతా అది నిజం కావడం వల్లే వచ్చింది.

మన దేశంలో సేంద్రీయ ఉత్పత్తికి జాతీయ కార్యక్రమం 2001లో మొదలైంది. ఎగుమతుల కోసం పుట్టింది కాబట్టి వాణిజ్య శాఖ చేతిలో పెరిగింది. లోపలి అమ్మకాలకు ఆహార భద్రతా సంస్థ 2017లో నిబంధనలు చేసి, జైవిక్ భారత్ గుర్తు పెట్టింది. ఏటా వేసే పంటైతే విత్తడానికి ముందు కనీసం రెండేళ్లు ఆ నేలలో రసాయన ఎరువు, పురుగుమందు పడకూడదు. పుస్తకాలు రాయాలి, తనిఖీకి నిలబడాలి. నాలుగైదు సరుకులు కలిపి చేసిన తినుబండారమైతే ఉప్పు, నీళ్లు పోగా మిగిలిన బరువులో నూటికి 95 పాళ్లు అట్లా పండినవై ఉండాలి. కృత్రిమ రంగులు, జన్యుమార్పిడి సరుకు పనికిరావు. ఇదంతా మంచిదే. ఇప్పుడు ఈ నిబంధనల్లో "చక్కెర ఇంతకు మించకూడదు", "నూనెలో వేయించకూడదు" అన్న మాట ఎక్కడుందో చూపించండి. ఉండదు. ఆ తనిఖీదారు పొలం గట్టు దగ్గర కాగితాలు చూసి సంతకం పెట్టాడు. గోదాము, ఫ్యాక్టరీ కూడా చూశాడు. మూకుడులో ఏం జరుగుతుందో చూడ్డం ఆయన ఉద్యోగం కాదు. మా ఇంట్లో వాళ్లు మాత్రం ఆ సంతకాన్ని నా రక్తపరీక్ష కాగితం మీద పెట్టినట్టు చదువుతున్నారు.

ఇక్కడ వెటకారం కాసేపు పక్కన పెడతాను. పెన్‌గంగ దాటితే యవత్మాల్. 2017 వానాకాలంలో అక్కడ పత్తి చేలల్లో పురుగుమందు కొట్టిన రైతులు, కూలీలు ఇరవై మందికి పైగా చచ్చిపోయారు. వందలమంది ఆసుపత్రుల పాలయ్యారు. ఆ ఏడు పత్తి తల ఎత్తుకు పెరిగింది. పైకి కొట్టిన మందు కొట్టినవాడి ముఖం మీదే పడింది. మాదీ పత్తి ప్రాంతమే. వీపుకు పంపు కట్టుకుని సాలు మధ్యలో నడిచేవాణ్ణి మా కిటికీలోంచి చూడొచ్చు. సేంద్రీయమన్న మాటకు అసలు విలువ ఆ మనిషి ఊపిరితిత్తుల దగ్గర ఉంది, ఆ చేను దిగువన ఉన్న బావిలో ఉంది. జనగామ దగ్గర ఏనెబావిలో ఊరు ఊరంతా మందు డబ్బాలు మానేసిందంటే బిస్కెట్ల కోసం కాదు. అట్లాంటివాళ్లు సంపాదించిన పేరును తీసుకొచ్చి పామ్ నూనె, చెరకు చక్కెర మీద అతికించి, అది నా ఒంటికి మందని అమ్ముతున్నారే, నా కడుపు మంట అక్కడ. ఆ మంటకు మాత్రం సర్టిఫికెట్ అక్కర్లేదు.

తినేవాడికి అసలేం లాభం లేదా అంటే, ఉంది. 2012లో అమెరికాలో స్టాన్‌ఫోర్డ్ వాళ్లు రెండు వందలకు పైగా అధ్యయనాలు ముందేసుకుని చూశారు. సేంద్రీయ తిండిలో పురుగుమందుల అవశేషాలు కనపడే అవకాశం తక్కువ అని తేలింది. పోషకాల్లో మాత్రం చెప్పుకోదగ్గ తేడా దొరకలేదు. అదీ చాలామటుకు కూరగాయలు, పండ్లు, ధాన్యాలు, పాలు, మాంసం లెక్క. టమాట గురించి తేలింది కదా అని టమాట రుచి చిప్స్‌కు ఆ మర్యాద చేయలేం. పిండి పదార్థాన్ని నూట ఇరవై డిగ్రీలు దాటించి వేయిస్తే, కాలిస్తే, అక్రిలమైడ్ అనే పనికిరాని పదార్థం పుడుతుందని 2002లో స్వీడన్‌లో బయటపెట్టారు. ఆలుగడ్డ ఎట్లాంటి ఎరువుతో పెరిగిందో చూసి అది పుట్టడం మానుకోదు.

మిషిగన్ విశ్వవిద్యాలయం వాళ్లు 2010లో చేసిన పరీక్ష ఒకటుంది. అది చదివాక వీళ్లు మా ఇంటికి ఎప్పుడొచ్చిపోయారా అనుకున్నాను. ఓరియో బిస్కెట్ల గురించి విద్యార్థులకు చెప్పి, క్యాలరీల అంకె కూడా ముందే చూపించారు. కొందరికి మామూలువన్నారు, కొందరికి సేంద్రీయ పిండి, సేంద్రీయ చక్కెరతో చేసినవన్నారు. రెండోవాళ్లు, అంకె కళ్ల ముందుండగానే, ఇందులో క్యాలరీలు తక్కువ, ఎక్కువసార్లు తినొచ్చు అన్నారు. అక్కడితో ఆగలేదు. బరువు తగ్గాలనుకునే ఒకామె ఇవాళ వ్యాయామం ఎగ్గొట్టొచ్చా అని అడిగితే, ఆమె తిన్న తీపి సేంద్రీయమైతే పోనీలే అన్నారట. మా ఆవిడ సాయంత్రం నడక ఎప్పుడు మానేసిందో, పార్సిళ్లు ఎప్పుడు మొదలయ్యాయో నాకు తెలుసు. రెంటికీ సంబంధం ఉందని ఈ ఫిర్యాదులో రాయడం లేదు. నాకు పూటకు రొట్టె కావాలి.

అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల్లో కెవిన్ హాల్ బృందం 2019లో చేసిన పని ఇంకా గట్టిది. ఇరవై మందిని ఆసుపత్రిలోనే ఉంచి, రెండు వారాలు ఫ్యాక్టరీ తిండి, రెండు వారాలు ఇంటి తరహా తిండి పెట్టారు. ముందు పెట్టినదాంట్లో చక్కెర, కొవ్వు, పీచు, ఉప్పు సమానంగా ఉండేట్టు చూసి, ఎంత కావాలంటే అంత తినమన్నారు. ఫ్యాక్టరీ తిండి తిన్న రోజుల్లో వాళ్లు రోజుకు ఐదు వందల కిలోక్యాలరీలు ఎక్కువ తిన్నారు, బరువూ పెరిగారు. అందులో సేంద్రీయం ఊసు లేదు. కానీ నమలక్కర్లేని, చేతికి అందే, నోట్లో వేస్తే కరిగిపోయే సరుకు మనిషి చేత ఎంత తినిపిస్తుందో తెలుస్తుంది. మా జొన్న పఫ్‌లు అచ్చంగా ఆ జాతివి. జొన్న రొట్టె రెండు తింటే దవడ నొప్పి పుట్టి చేయి ఆగుతుంది. అదే జొన్నను ఉబ్బించి, కారం, చక్కెర, నూనె పొడి పట్టిస్తే సంచీ అడుగు కనపడేదాకా చేయి ఆగదు. ఇక్కడి జొన్న పుణె దాకా పోయి గాలి నింపుకుని తిరిగొస్తోంది.

అయితే మీ ఆవిడ అరిసె అమృతమా అని ఎదురు వకీలు నిలదీస్తాడని తెలుసు. కాదు. అరిసె అంటే బియ్యం, బెల్లం, నూనె. నా రోగానికి అది పనికిరాదు, డాక్టరు మాట నిజం. కానీ అరిసెకు ఒక కాపలా ఉండేది. బియ్యం రాత్రి నానబోయాలి. పొద్దున్నే వడగట్టి, తడి పూర్తిగా ఆరకముందే దంచాలి, జల్లించాలి. పాకం దగ్గర ఒకామె కదలకుండా కూర్చోవాలి. ఒక చుక్క నీళ్ల పళ్లెంలో వేసి వేలితో దగ్గరికి లాగితే మెత్తని ఉండ కావాలి. క్షణం ముందైతే అరిసె నూనెలో విరిగిపోతుంది, క్షణం దాటితే రాయి. పిండి ఒకరు పోస్తుంటే ఇంకొకరు తెడ్డుతో గిరగిరా తిప్పాలి. ఆ చేయి నొప్పి సంక్రాంతి పోయినా పోదు. నువ్వులు అద్ది, అరచేత్తో వత్తి, కాల్చి తీసి, రెండు గరిటెల మధ్య పెట్టి నొక్కితే బొటబొటా నూనె కారి గిన్నెలో పడేది. ఆ నూనె మా అవ్వ పారపోసేది కాదు, కూరలోకి వాడేది. అది వేరే నేరం. సకినాలైతే నలుగురు ఆడవాళ్లు బట్ట పరిచి, నడుములు పడిపోయేదాకా చేత్తో చుట్లు చుట్టాలి. ఇంత చాకిరీ ఉంది కాబట్టే ఏడాదికి ఒకటి రెండుసార్లు చేసేవాళ్లు. మాకు ఆరోగ్యం మీద తెలివి ఉండి కాదు, వాళ్లకు ఓపిక లేక మేము బతికిపోయాం. ఇప్పుడు ఆ చాకిరీ అంతా ఏదో యంత్రం చేస్తోంది. సంక్రాంతి ప్రతి మంగళవారం కొరియర్ అబ్బాయి బైకు మీద వస్తోంది.

ఉట్నూరు వైపు ఆదివాసీ ఆడవాళ్లు ఇప్పపువ్వు లడ్లు కడుతున్నారు. ఆ చెట్టుకు ఎరువు వేసినవాడు లేడు, మందు కొట్టినవాడు లేడు. ఏ ముద్రా లేకుండానే అంతకన్నా సేంద్రీయం ఉండదు. తింటే బలమే, రక్తం తక్కువున్న ఆడపిల్లలకు పెడితే నాకు సంతోషమే. ఎండిన ఇప్పపువ్వులో సగానికి సగం తీపే కాబట్టి నాకు మాత్రం వద్దు. అడవిలో పుట్టింది కదా అని నా షుగరు దానికి మినహాయింపు ఇవ్వదు. మాహూర్‌లో అమ్మవారి ప్రసాదం దంచిన తాంబూలం. దానికింకా ఎవరూ ఆకు బొమ్మ అంటించలేదు, అంతా ఆకే కాబట్టి వదిలేసి ఉంటారు.

కాబట్టి సభవారిని కోరుకునేది ఇది. దక్షిణ అమెరికాలో చిలీ అనే దేశముంది. అక్కడ 2016 నుంచి చక్కెరో, ఉప్పో, చెడ్డ కొవ్వో హద్దు దాటిన ప్యాకెట్ ముందు వైపే ఎనిమిది మూలల నల్ల ముద్ర కొడుతున్నారు. మన దగ్గర 2022లో నక్షత్రాలిస్తామని ఒక ముసాయిదా తెచ్చారు. నాకు నక్షత్రాలొద్దు. బిస్కెట్‌కు రెండున్నర నక్షత్రాలంటే మా ఆవిడ అది ఫర్వాలేదనే అనుకుంటుంది. ఆకు పక్కనే, ఆకంత సైజులోనే, నల్ల ముద్ర కొట్టండి. పొలానికి రావలసిన గౌరవం పొలానికి, మూకుడుకు రావలసిన చీవాట్లు మూకుడుకు. అంతవరకు మా ఇంటి మట్టుకు మధ్యంతర ఉత్తర్వు ఇప్పించండి. తీపి నాకు నిషేధమైతే రెండూ నిషేధం. కాదు, వారానికి ఒక ముక్క తినొచ్చంటే ఆ ముక్క ఏదో ఎంచుకునే హక్కు నాది, అటక మీది డబ్బాలోంచి.

ఈ ఫిర్యాదు సారాంశం ఫోనులో మావాడికి వినిపించాను. ఓపికగా విన్నాడు. "సరే బాపు, మీరు చెప్పింది కరెక్టే" అన్నాడు. మరుసటి వారం ఇంకో పార్సిల్ వచ్చింది. ఈసారి ఖర్జూరం, కొర్రపిండి లడ్లు, ఒక్కోటి నిమ్మకాయంత. ఆకు ఉంది, దాని పక్కన "చక్కెర కలపలేదు" అని కొత్తగా ఉంది. సెలవులకు వచ్చిన మనుమరాలికి కళ్లు బాగుంటాయి కాబట్టి భూతద్దం పక్కన పెట్టి, వెనక వైపు దాన్నే చదవమన్నాను. ఖర్జూరం మొదట, తర్వాత కొర్రలు, తర్వాత నెయ్యి. క్యాలరీల అంకె వింటే ఫర్వాలేదనిపించింది. లడ్డుకు అంతేనా అన్నాను.

"కాదు తాతా, ఒక వడ్డనకు. ఒక వడ్డన అంటే అర లడ్డు అని రాసింది."

మిగిలిన సగం ఎవరు తినాలని రాసిందో చూడమన్నాను. ప్యాకెట్ నాలుగు వైపులా తిప్పి చూసింది. రాయలేదట.